మాస్టారి పూర్తి మాట

"కాలర్ గారూ, లైవ్‌లో ఉన్నారు, చెప్పండి!"

"ముందు మీరు సెప్పండి. ఆ పుస్తకం సదివేరా?"

అనకాపల్లి కేబుల్ టీవీలో యాంకర్ నానాజీ నవ్వు అలాగే బిగుసుకుపోయింది.

ఆ సాయంత్రం చర్చ పరదేశి మాస్టారి గురించి. ఎలమంచిలిలో రిటైరైన సైన్స్ మాస్టారు. ఊరూరా బెల్లం వండే చోట కూర్చుని, చెరకు మన నీళ్లన్నీ తాగేస్తోందని పుస్తకం రాశారు. అది రెండు వేల నాలుగు. ఆయన్ని తిట్టని రైతు సంఘం లేదు. నానాజీ పిలిచిన పెద్దమనుషులు "చెరకు పీకేయమన్నాడు, రైతు ద్రోహి" అని తేల్చేశారు. నానాజీ తలూపాడు.

"చదవలేదండీ... అందరూ అంటున్నారని..."

"పీకేయమని ఎక్కడన్నారో సూపించండి!" అవతలి అమ్మాయి ఫోన్ ఠక్కున పెట్టేసింది.

మర్నాడు పుస్తకం పట్టుకుని ఆఫీసుకే వచ్చింది. కొండకర్ల చెరకు రైతు సత్తియ్య కూతురు ధనశ్రీ, ఎమ్మెస్సీ బోటనీ. ఆ కోపం చూసి నానాజీకి భయం వేయాలి. వేయలేదు. ఇంకాసేపు తిడితే బాగుండుననిపించింది.

"నూతులు ఎండిపోయిన చోట చెరకు తగ్గించండి, కొంత నేల అపరాలకు ఇవ్వండి." ఆమె తెరిచి చూపించిన పేజీలో మాస్టారు రాసింది ఇదీ. తిట్టినవాళ్లు ముందు ముక్క వదిలేశారు.

నానాజీ సిగ్గుపడి మొత్తం చదవడం మొదలుపెట్టాడు. ఏ చెట్టు వేరు ఎంత నీరు పీలుస్తుందో కథలా చెప్పే ఆ పెద్దాయన మీద గౌరవం పెరిగింది. సందేహం వస్తే ధనశ్రీకి ఫోన్.

"ఈ డౌట్ నిన్నా అడిగేరు."

"నిన్న సరిగ్గా వినలేదండీ."

"మరేటి విన్నారు?"

"మీ గొంతు."

ధనశ్రీ ఈసారి ఫోన్ పెట్టేయలేదు.

నానాజీ మళ్లీ కార్యక్రమం చేశాడు. పిల్లల ఫీజులు చెరకు మీదే కడుతున్న రైతు భయం ఎంత నిజమో ముందు చెప్పాడు. తర్వాత మాస్టారి పేరా మొత్తం చదివాడు. చివర్లో, "బెల్లం గానుగ కూలీలకు వేరే పని సులువుగా దొరుకుతుందని మాస్టారు రాశారు. అది మాత్రం తప్పు," అన్నాడు.

మాస్టారినే తప్పు పడతాడా అని ధనశ్రీకి ఒళ్లు మండింది. ఫోన్లు ఎత్తడం మానేసింది. ఉండబట్టలేక ఎలమంచిలి వెళ్లి మాస్టారికే ఫిర్యాదు చేసింది.

ఆయన పకపకా నవ్వారు. "తప్పేనమ్మా! పొగిడినోళ్లు సెప్పలేదు, తిట్టినోళ్లూ సెప్పలేదు. ఆ అబ్బాయొక్కడే నన్ను సదివేడు."

తిరుగు బస్సు అనకాపల్లిలో దిగేసరికి వాన దంచుతోంది. ధనశ్రీ తడుస్తూ నానాజీ ఆఫీసు గుమ్మంలో నిలబడింది.

"నేనే తొందరపడ్డానండీ."

"పర్లేదండీ. నాకు మీరంటే ఇష్టం. ఇది డౌట్ కాదు."

"నాకూ కాదు," అంది, జడలో నీళ్లు పిండుకుంటూ, తల దించుకుని. "మా నాన్నతో మాట్లాడండి."

ఆదివారం నానాజీ కొండకర్ల వెళ్లి పిల్లనిమ్మని అడిగాడు. పరదేశి మాస్టారి పేరెత్తితేనే మండిపడే సత్తియ్య, అతన్ని ఎగాదిగా చూసి భార్య మరిడమ్మను పిలిచాడు.

"టీవీలో మన బాధ తిన్నగా సెప్పింది ఈ కుర్రోడే. ఆ మాస్టారి మాటలు నాకిప్పటికీ నచ్చవు గానీ, ఈడు నచ్చేడే. తన వైపు కాని మనలాటోళ్ల మాటే అంత ఓపిగ్గా ఇన్నోడు, మన పిల్ల మాట ఇనడేటి?"

తలుపు చాటున ధనశ్రీ గాజులు గలగలమన్నాయి.