మామగారి పేరు మీద కార్డు

పొద్దున్నే కోడలు తను పనిచేసే దుకాణానికి వేసుకెళ్ళే నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుంటుంటే, బల్ల మీద అత్తగారి ఫోన్ టింగుమంది. అత్తగారు స్నానానికి వెళ్ళారు. కోడలు తెర వంక చూసింది. మామగారి పూర్తి పేరు. దాని కింద, "నిన్న మా దుకాణానికి వచ్చినందుకు ధన్యవాదాలు. మళ్ళీ మీ కోసం ఎదురుచూస్తుంటాం."

మామగారు పోయి ఎనిమిది నెలలైంది.

దుకాణం రాయితీ కార్డులో ఆ పేరు ఎక్కించింది కోడలే. కొనడానికి వచ్చినవాళ్ళని బతిమాలి రోజుకి పదిమందిని కార్డులో చేర్పించకపోతే డ్యూటీలు కోసేస్తారు. అప్పటికే వారానికి ఐదు రోజుల పని రెండు రోజులైంది. నెల కిందట ఒక సాయంత్రం ఒక్కరు తక్కువైతే, మామగారి పేరూ అత్తగారి నంబరూ కొట్టేసింది.

కానీ నిన్న వెళ్ళిందెవరు?

దుకాణంలో కౌంటర్ దగ్గర కంప్యూటర్లో ఆ కార్డు వివరాలు తెరిచి చూసింది. మూడు మంగళవారాలు, తను పనిలో లేని రోజులు. మూడుసార్లూ కొన్నది గడ్డం గీసుకునే బ్లేళ్ళే. మామగారు వాడే రకం. వెనక ఎవరో నిలబడ్డట్టనిపించి గిరుక్కున తిరిగింది. ఎవరూ లేరు. గాలికి ధరల చీటీలు ఊగుతున్నాయి.

సాయంత్రం ఇంటికొచ్చి ముఖం కడుక్కోబోతే, అద్దం ముందు మామగారి రేజర్ కనబడింది. ఇంకా తడిగా ఉంది.

"అత్తయ్యా!" కేక విని భర్త కూడా పరుగెత్తుకొచ్చాడు.

"తుప్పు పడుతుందని కడిగానమ్మాయ్" అన్నారు అత్తగారు తాపీగా. చేతిలో బ్లేళ్ళ పాకెట్లు మూడు.

"ఇవెవరికమ్మా?" అన్నాడు కొడుకు బిక్కచచ్చిపోయి.

కోడలు ఏడుస్తూ అంతా చెప్పేసింది.

"మా నాన్న పేరే దొరికిందా నీకు?" అతను మండిపడ్డాడు.

"దాన్నేం అనకురా. కార్డులో చేరారంటూ ఆయన పేరుతో మొదటి మెసేజ్ వచ్చినప్పుడు నా గుండె ఆగినంత పనైంది. ఏమిటో చూద్దామని, నడకకని చెప్పి వెళ్ళాను. నంబరు చెప్పగానే కౌంటర్లో పిల్ల పేరు పైకి చదివి, 'సారు కులాసాయేనా అమ్మా?' అంది. కులాసాయే అన్నాను." ఆమె పాకెట్లు అద్దం ముందు పెట్టారు. "నేనేడుస్తానని మీరిద్దరూ ఆయన మాటే ఎత్తరు. ఆ పేరు వినాలనిపించి మళ్ళీ మళ్ళీ వెళ్ళాను."

కొడుకు గదిలోకి వెళ్ళిపోయాడు.

మర్నాడు కోడలు మేనేజరుకి నిజం చెప్పి కార్డు తీయించేసింది. ఉన్న రెండు రోజుల పనీ ఒక్కరోజైంది. ఆ సంగతి ఇంట్లో చెప్పాక, నిన్నటినుంచి బిగుసుకుని ఉన్న భర్త కుర్చీ లాక్కుని తల్లి పక్కన కూర్చున్నాడు.

"అమ్మా, నాన్న గడ్డం గీసుకుంటూ ఈల వేసేవాడు కదూ? ఒక్క పాటా కుదిరేది కాదు."

"నేను చెవులు మూసుకునేదాన్నిరా" అంటూ అత్తగారు పకపకా నవ్వారు. ఆ నవ్వు సగంలోనే వెక్కిళ్ళయింది. కోడలు ఆమె చెయ్యి పట్టుకుంది. ఊరుకోమని ఎవరూ అనలేదు.