రెండు తలల పోగు

వెనక తలుపు దడేలుమంది!

లింగమూర్తి పరుగెత్తుతున్నాడు.

క్లినిక్ వెనక సందు. దీపాలు అప్పుడప్పుడే వెలుగుతున్నాయి. ముందు బైక్ మీద ఒక మనిషి. ట్యాంకు మీద తెల్లటి థర్మాకోల్ డబ్బా. డబ్బా చుట్టూ ఎర్ర టేపు.

ఆ డబ్బాలో పోగు ఉంది.

అరవై రెండేళ్ల కాళ్లు. పొద్దున్నుంచి మగ్గాల మధ్య తిరిగి తిరిగి వచ్చిన కాళ్లు. అయినా ఉరుకుతున్నాయి. ఆవు పక్కకు తప్పుకుంది. కూరగాయల బండి ఒరిగింది. ఎవడో గుజరాతీలో తిట్టాడు.

బైక్... వెనక ఎర్ర లైటు... మలుపు...

మాయం!

సూరత్, డిండోలి మెయిన్ రోడ్డు మీద ఆటో స్టార్ట్ చేసే ఉంచాడు పరుశురాం. నవాగామ్‌లో లింగమూర్తి పక్క గది వాడు. జగిత్యాల దిక్కు నుంచి వచ్చి ఇరవై ఏళ్లు. నోరు మూతపడని మనిషి.

"ఎక్కు కాకా. వాన్ని నేను చూసిన. కడోదరా దిక్కు మలిగిండు."

లింగమూర్తి ఎక్కాడు. ఆటో ఎగిరింది. పక్కటెముకల్లో పొడుస్తోంది. మాట రావడం లేదు. వచ్చినా ఆయన మాట్లాడేవాడు కాదు.

"డబ్బాల ఉన్నదా?"

తల ఊపాడు.

పోగు అంటే పాము. ఎర్రమట్టి రంగు, బొద్దు ఒళ్లు. తోక కూడా తల లాగే ఉంటుంది కాబట్టి జనం రెండు తలల పాము అంటారు. విషం లేదు. మనిషిని చూస్తే ఇసుకలో దూరే రకం.

తొమ్మిదేళ్ల కింద జోల్వా కార్ఖానాలో దారం పెట్టెల సందున దొరికింది. జానెడు పిల్ల. అందరూ కర్రలు ఎత్తారు. లింగమూర్తి టిఫిన్ డబ్బా ఖాళీ చేసి అందులో వేసుకున్నాడు. ఇంట్లో భార్య వెంకటవ్వ మూత తీసి చూసింది. అరవలేదు. తెగిన పోగు లెక్కనే ఉన్నదని నవ్వింది. అదే పేరైంది.

పిల్లలు కలగని ఇల్లు అది.

రెండేళ్ల కింద వెంకటవ్వకు పక్షవాతం వచ్చింది. ఎడమ పక్క పడిపోయింది. ఆయన షిఫ్టుకు పోతే ఆ గదిలో ఆమెకు తోడు పోగు ఒక్కటే. పొద్దంతా ఆమె ఒళ్లో చుట్ట చుట్టుకుని పడుకునేది. పనిచేసే కుడిచేత్తో నిమురుతూ ఆమె దానికి ఊళ్లో ముచ్చట్లన్నీ చెప్పేది.

పది రోజుల కింద పోగు నోరు తెరిచి ఊపిరి తీయడం మొదలుపెట్టింది. ముక్కు దగ్గర బుడగలు.

మూడు క్లినిక్‌లు గేటు దగ్గర నుంచే పొమ్మన్నాయి. నాలుగోది రమ్మంది. గోడల నిండా కుక్కల బొమ్మలు. డాక్టరు ఫోన్ మాట్లాడుతూనే చూశాడు. చేత్తో ముట్టలేదు. బరువు తూచలేదు. ఏం తింటుంది, ఎక్కడ పడుకుంటుంది... ఒక్క ప్రశ్న అడగలేదు. సూది పొడిచాడు. మూడు రోజులు, మూడు సూదులు. మూడోది పడ్డాక పోగు తడిగుడ్డలా వేలాడింది.

నిన్న సాయంత్రం వదిలేసి పొమ్మన్నాడు. స్టీలు ట్రేలో పడేశాడు. సరిగ్గా ఏసీ కింద.

లింగమూర్తి గొంతు దాకా ఒక మాట వచ్చింది. ఇంట్లో దాని పెట్టె మీద బల్బు వేలాడదీస్తామనీ, చలి దానికి పడదనీ చెబుదామనుకున్నాడు. తెల్లకోటు ముందు ఆ మాట ఆగిపోయింది. మూడో తరగతి చదివినవాడు డాక్టరుకు చెప్పేదేముంది?

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. చచ్చిపోయిందన్నారు. ఫ్రిజ్‌లో పెట్టామన్నారు.

కార్ఖానా సేఠ్ వదిలేసరికి సాయంత్రమైంది. క్లినిక్‌కు పోయి ఒక్కటే అడిగాడు, దాని శవం ఇయ్యమని. డాక్టరు కళ్లెర్రజేశాడు. ఈ పామును పెంచుకోవడమే నేరమన్నాడు. లొల్లి చేస్తే ఫారెస్టు వాళ్లకు ఫోన్ కొడతానన్నాడు. ఆ మాట నోట్లో ఉండగానే ఫ్రిజ్ దగ్గర నుంచి తెల్ల డబ్బాతో ఎవడో ఉరికాడు, వెనక తలుపు దడేలుమంది...

"అగో!"

పరుశురాం వేలు చూపించాడు. కడోదరా చౌరస్తా. సిగ్నల్ దగ్గర బైక్. తెల్ల డబ్బా!

పచ్చ లైటు పడింది. బైక్ హైవే ఎక్కింది. ఆటో దాని వెనకే ఎక్కింది. ఎడమన ట్రాలీ. కుడిన ట్యాంకర్. మధ్యలో మూడు చక్రాలు.

"వాడు అంబదాస్ గాదా కాకా? క్లినిక్‌ల కాంపౌండర్? షోలాపూర్ తెలుగోడే, మనోడే. మొన్న నాతోని చాయ్ దాగిండు లంగ నా కొడుకు."

రెండు తలల పామంటే పిచ్చివాళ్లకు లోటు లేదు. గుప్తనిధి చూపిస్తుందంటారు. రోగాలు పోతాయంటారు. దొంగచాటుగా కొనేవాళ్లు కార్లలో వస్తారు.

ఫోన్ మోగింది. వెంకటవ్వ.

లింగమూర్తి చెవికి పెట్టుకున్నాడు. దొరికిందా అని అడిగింది. దొరుకుతుందన్నాడు. ఆమె ఇంకో మాట అంది.

"ఒక్కపారి ఇంటికి తే. నా ఒళ్లె వెట్టు. తర్వాత తీస్కపో."

"వద్దు."

"ఎందుకు?"

"నువ్వు చూడలేవు."

ఆమె వాదించలేదు. ఆయన ఎంత చెబితే అంతే చెబుతాడని ఆమెకు తెలుసు.

"సరే. మరి బిడ్డకు జేసినట్టు జెయ్యి. పెంట మీద పడనియ్యకు."

పాము దిక్కులేకుండా కుళ్లితే ఇంటికి దోషం. కట్టె పేర్చాలి. నెయ్యి పోయాలి. రాగి పైసా పెట్టాలి. మనిషికి చేసినట్టే సాగనంపాలి. తాతల నాటి మాట. కానీ లింగమూర్తి దోషానికి భయపడి రావడం లేదు. తొమ్మిదేళ్లు సాకిన దాన్ని ఎవడో కోసి సీసాలో పెట్టుకుంటాడు. అది ఆయన చూడలేడు.

కామ్‌రేజ్!

బైక్ ఫ్లైఓవర్ కిందికి దిగింది. ఆగి ఉన్న లారీల వెనక్కి పోయింది. పరుశురాం లైట్లు ఆర్పాడు. ఆటో మెల్లగా దొర్లింది.

లారీల అవతల తెల్ల కారు. ఇద్దరు దిగారు. ఒకడు లావు. ఒకడు చిన్న గడ్డంవాడు. అంబదాస్ టేపు చించి మూత తీశాడు.

గడ్డంవాడు చెయ్యి పెట్టాడు. ఎత్తాడు. సెల్ లైటులో ఎర్రటి ఒళ్లు కిందికి వేలాడింది. తాడులా. తల ఎటో తోక ఎటో తెలియకుండా.

"ముర్దా లాయా?"

అంబదాస్ ఏదో నసిగాడు. ఫోన్‌లో ముందే చెప్పానన్నాడు. వాళ్లు చెప్పలేదన్నారు. చచ్చినదాన్ని ఏం చేసుకుంటామని లావువాడు అంబదాస్ కాలర్ పట్టుకున్నాడు. గడ్డంవాడు పామును బురదలోకి విసిరేశాడు.

ధప్!

ఆ చప్పుడుకు లింగమూర్తి లేచాడు.

ఆటో దిగాడు. పరుశురాం చొక్కా పట్టి లాగాడు. చొక్కా చిరిగింది. నడుస్తున్నాడు. పరుగు లేదు. లారీల మధ్య నుంచి నేరుగా, వెలుతురులోకి...

గడ్డంవాడి చేతిలో పిస్టల్!

లింగమూర్తి ఆగలేదు. పిస్టల్‌ను చూశాడు. బురదలో పోగును చూశాడు. వంగాడు. మట్టి తుడిచాడు.

"నాది," అన్నాడు. "తీస్కపోత."

"ముసలోడా, చచ్చిన పాముకు గింత ఆరాటమేంది?" కాలర్ ఇంకా వాళ్ల చేతిలో ఉండగానే అన్నాడు అంబదాస్. "కొత్తది తెచ్చుకోరాదు?"

లింగమూర్తి వాడి వైపు చూశాడు. అంతే. వాడు తల దించుకున్నాడు.

ధన్!

గడ్డంవాడు పేల్చిన గుండు గాలిలోకి పోయింది. పైన ఫ్లైఓవర్ గుయ్యిమంది. లారీల్లో డ్రైవర్లు లేచారు. ఎవడో టార్చ్ వేశాడు. తెల్ల కారు రివ్వున వెనక్కి తిరిగింది. అంబదాస్ బైక్ వదిలేసి చీకట్లో పడ్డాడు.

రెండు నిమిషాలు! అంతా ఖాళీ.

లింగమూర్తి ఒళ్లో పోగు. మంచుగడ్డలా ఉంది. నోరు తెరిచి ఉంది. కళ్ల మీద పొర.

"ఇంటికి పోదామా కాకా? చిన్నమ్మ అడుగుతున్నది గదా."

లింగమూర్తి ఆ తెరిచిన నోటిని చూశాడు. వెంకటవ్వ దీన్ని చూసిందంటే ఆ కుడిచెయ్యి కూడా పడిపోతుంది.

"తాపీ దిక్కు పోనియ్యి."

తాపీ నది వంతెన దిగువన ఒడ్డు. ఇసుక. నీళ్ల మీద హైవే లైట్లు. పరుశురాం కామ్‌రేజ్ బజారుకు పోయి నెయ్యి తెచ్చాడు. రాగి పైసా ఎక్కడా దొరకలేదు. ఆటోలో దేవుడి పటానికి కట్టిన రాగి బిళ్ల విప్పి ఇచ్చాడు. ఇద్దరూ కలిసి ఎండుకట్టె ఏరారు. చిన్న చితి. మూరెడు పొడవు.

లింగమూర్తి ఆటోలో పెట్టిన తన సంచిలోంచి, శవానికని కార్ఖానా నుంచి తెచ్చిన బట్ట తీశాడు. తెల్లటి బట్ట. ఆయన మిషన్ మీద, ఆయన చేతుల మీద నడిచిన బట్ట. సాలెవాడు తనవాళ్లను తను నేసిన బట్టలోనే సాగనంపుతాడు. సిరిసిల్లలో తండ్రికి అట్లాగే చేశాడు. తల్లికి అట్లాగే చేశాడు.

మూడు చుట్లు చుట్టాడు. బిగించి. కొసలు ముడివేశాడు. నేతగాడి ముడి. జారదు.

నెయ్యి పోశాడు. బిళ్ల పెట్టాడు. అగ్గిపుల్ల గీశాడు.

కట్టె అంటుకుంది. పొగ. చిటపట. వేడి ముఖానికి తగిలింది. పరుశురాం కూడా మాట్లాడడం లేదు. జీవితంలో మొదటిసారి.

మూట కదిలింది.

గాలి అనుకున్నాడు లింగమూర్తి.

మళ్లీ కదిలింది! లోపలి నుంచి... బట్టను నెడుతూ... మెల్లగా... ఒక మెలిక...

"కాకా... కాకా, అది..."

చచ్చిపోలేదు!

సూదిమందుకు మత్తెక్కింది. ఏసీలో, ఫ్రిజ్‌లో కొయ్యబారింది. డాక్టరు ముట్టి చూడలేదు. చచ్చిందన్నాడు. ఇప్పుడు వేడి తగిలి లేచింది!

లింగమూర్తి రెండు చేతులూ మంటలో పెట్టాడు. మూటను లాగాడు. ఒక కొసకు నిప్పంటుకుని ఉంది. అరచేతులతో నలిపాడు. నూలు బట్ట అయితే ఆరిపోయేది. నలిపితే బూడిదయ్యేది.

ఇది నూలు కాదు. సూరత్ బట్ట. పాలిస్టర్.

నిప్పు బట్టంతా పాకింది. మండడం కాదు... కరుగుతోంది! చుక్కలు చుక్కలుగా, నల్లగా, వేళ్లకు అతుక్కుంటూ, లోపలి ఒంటికి అతుక్కుంటూ. ముడి విప్పబోయాడు. ముడి లేదు. ముద్ద అయింది. పరుశురాం గుప్పిళ్లతో ఇసుక పోశాడు. ఉరికి నీళ్లు తెచ్చి పోశాడు. చుర్రుమంది.

లింగమూర్తి పళ్లతో చించాడు.

ఒక చోట చిరిగింది. తల బయటికి వచ్చింది. నోరు ఇప్పుడు మూసుకుంది. చిన్న నాలుక ఆడింది. వాసన పట్టింది. చెయ్యి ఎవరిదో తెలిసింది. కాలిన మణికట్టు చుట్టూ ఒక చుట్టు చుట్టింది. బలంగా. సగం చుట్టు ఇంకొకటి.

"పోగూ," అన్నాడు లింగమూర్తి. "బిడ్డా. జర ఆగు. జర."

నడుము నుంచి కిందికి బట్టా ఒళ్లూ ఒకటే అయిపోయాయి. లాగితే రెండూ వస్తాయి. లాగకపోయినా...

చుట్టు వదులైంది.

ఫోన్ మోగుతోంది. ఆయన చేతులు ఫోన్ పట్టే స్థితిలో లేవు. పరుశురాం ఏడుస్తూనే తీసి ఆయన చెవికి ఆనించాడు.

అంతా అయిపోయిందా అని అడిగింది వెంకటవ్వ.

లింగమూర్తి మణికట్టు వైపు చూశాడు.

"ఇప్పుడు వోయింది ఎంకవ్వా. పగటిపూట గాదు. ఇప్పుడు... నా చేతులల్ల."