పెరిగే పిల్ల కోటు

దేవదాసుకు నోరు లేదని కాదు. పత్తి మిల్లులో తూకం దగ్గర ఎంతటి సేఠుతోనైనా నిలబడి వాదిస్తాడు. మేనత్త బిడ్డ బాలలక్ష్మి ఎదురైతే మాత్రం ఆ నోరు ఎటో షికారు పోతుంది.

ఆదివారం పెద్దపల్లి నుంచి ఆమెను చూసుకోవడానికి పెళ్ళివారు వస్తున్నారు. ఈలోపు మనసులో మాట చెప్పకపోతే, ఆమె పెళ్ళిలో పప్పు వడ్డించే భాగ్యం ఒక్కటే తనకు మిగులుతుంది. ఆ సంగతి తలచుకుంటేనే అతనికి అన్నం సహించడం లేదు.

సరిగ్గా అప్పుడే ఆమె చెల్లెలు యాదవ్వకు చలికోటు కొనాల్సి వచ్చింది. ఆదిలాబాద్ చలి మామూలు చలా? ఐదో తరగతి పిల్ల పొద్దున్నే బడికి పోతుంటే పళ్ళు కటకట కొట్టుకుంటున్నాయి. కోటు నేనిప్పిస్తానని దేవదాసే మీదేసుకున్నాడు. అక్కాచెల్లెళ్ళిద్దరూ బయల్దేరారు. వాళ్ళకు అమ్మమ్మా, అతనికి నాయనమ్మా అయిన శంకరవ్వ కాపలాకు వచ్చింది.

సక్కుబాయి దుకాణంలో మొదటి కోటే పిల్లకు కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

“గిది వద్దు,” అంది శంకరవ్వ. “పెరిగే పిల్ల. వచ్చే యేడు ఏమేసుకుంటది?”

పిల్లకు సరిపోయే బట్ట కొన్నవాణ్ణి మనవాళ్ళు తెలివితక్కువవాడి కింద జమకడతారు. లంగా అయితే లోపల మడతలు పెట్టి కుట్టించవచ్చు, కోటుకు ఆ వీలు లేదాయె. అందుకని సక్కుబాయి పెద్దది తీసింది. శంకరవ్వ ఇంకా పెద్దది తీయించింది. ఈ ఎర్రకోటులో యాదవ్వ చేతులు కనపడలేదు, కాళ్ళు కనపడలేదు, పైన రెండు జడలు మాత్రం మిగిలాయి.

“గిండ్ల యాదవ్వ ఉన్నదా?” అన్నాడు దేవదాసు.

“ఉన్న బావా,” అంది కోటు.

బాలలక్ష్మి పకపక నవ్వింది. దేవదాసు చెవులు వేడెక్కాయి.

“నువ్వన్న చెప్పు బావా. గీ పిల్ల పెరిగేదాక చలి ఆగుతదా?”

“ఆగది.”

“మరి చిన్నదే తీసుకుందామా?”

“తీసుకుందాం.”

“అమ్మమ్మ పెద్దదే అంటున్నది.”

“అయితే పెద్దదే తీసుకుందాం.”

బాలలక్ష్మి నవ్వు ఆగిపోయింది. “నీకంటూ ఒక మాటుండదా బావా?” అంది మెల్లగా.

“కొట్లాట బంజేయుండ్రి,” అంది శంకరవ్వ. “గా కోటు అక్కకేసి సూడుండ్రి. అక్కంత అయినంక గూడ వస్తదో రాదో తెలుస్తది.”

బాలలక్ష్మి కోటు తొడుక్కుని, గుండీలు పెట్టుకుని, జడ బయటికి లాక్కుంది. ఎంత బాగుందని! దేవదాసు చూస్తూ నిలబడిపోయాడు. ఆదివారం ఎవడో వచ్చి ఈ పిల్లను ఇలాగే చూస్తాడు కదా అనుకునేసరికి ఇక ఆగలేకపోయాడు.

“సక్కుబాయీ,” అన్నాడు. “పిల్లకు మొదట సూపిచ్చిన కోటు కట్టు. గిది గూడ తీసుకుంటున్న.”

శంకరవ్వ కళ్ళు చికిలించింది. “గిది ఎవలికిరా?”

“బాలకు.”

“లగ్గంగాని పిల్లకు మేనబావ బట్టలు పెడ్తె నలుగురు ఏమనుకుంటరో ఎర్కేనా?”

“ఎర్కే.”

“ఎర్కుండే పెడ్తున్నవా?”

“ఎర్కుండే పెడ్తున్న బాపమ్మా. నాకు బాల కావాలె. ఆదివారం ఎవ్వలు రావద్దు.”

శంకరవ్వ మనవడి నెత్తిన ఒక్కటిచ్చింది, ఆ చేత్తోనే తల నిమిరింది.

“గీ ముక్క ఇన్ని దినాలు ఏడ దాసినవ్‌రా? నువ్వడుగుతవని మీ మేనత్త ఎదురుసూసి ఎదురుసూసి యాష్టకొచ్చింది. నీకు మనసు లేదనుకునే గా పెద్దపల్లోళ్ళను రమ్మన్నది.”

సక్కుబాయి కోటు పొట్లం కట్టడానికి చెయ్యి చాచింది. బాలలక్ష్మి విప్పలేదు. ముఖం కోటు రంగుకు తిరిగినా మాట తడబడలేదు.

“కట్టుడు వద్దు, ఏసుకునే పోత. ఎవలు పెట్టిండ్రని ఇంట్ల అమ్మ అడుగుతది గద,” అంటూ అతని వైపు తిరిగింది. “నువ్వే చెప్పాలె. జర ముందు నడువు బావా.”