ఆకుపచ్చ మఖ్మల్

మధురానగర్‌లో ఆ అపార్ట్‌మెంటు సెల్లారులో, జనరేటరు పక్కన, కిటికీ లేని గది ఒకటుంది. కాలనీ నాటక సంఘం సామానంతా అందులోనే పడి ఉంటుంది. చెక్క కత్తులు, అట్ట కిరీటాలు, రంగు వెలిసిన తెరలు, వాటి మధ్య సుకన్య కుట్టు మిషను. లక్డీకాపూల్‌లో సర్కారు ఆఫీసులో ఫైళ్ళతో కుస్తీ పట్టీ పట్టీ రిటైరయ్యాక ఆమె రాజులకీ రాణులకీ బట్టలు కుట్టడం మొదలుపెట్టింది. నాటకం కరపత్రంలో లైట్లు వేసినవాడి పేరుంటుంది, సమోసాలు పంపినవాడి పేరూ ఉంటుంది. సుకన్య పేరు మాత్రం ఎవరికీ గుర్తుకు రాదు.

ఆమెను మనిషిగా లెక్కపెట్టింది ఒక్క వనితే. ఎదురు ఫ్లాటు వనితే ఆమెను ఈ గదికి తీసుకొచ్చింది. పాపం, వనిత సంఘంలో చేరిన నాటి నుంచీ వేసినవన్నీ చెలికత్తె వేషాలే. వింజామర పట్టుకుని కాళ్ళు లాగేదాకా నిలబడడం, రాణిగారు వస్తున్నారని చెప్పి పక్కకి తప్పుకోవడం. ఈ ఏడు, అరవైకి దగ్గరపడ్డాక, దర్శకుడు కృష్ణమోహన్‌కి ఏ దేవుడు బుద్ధి పుట్టించాడో గానీ, పాతకాలపు సంస్థానం రాణి వేషం ఆమెకిచ్చాడు.

ఆ సాయంత్రమే ఇద్దరూ అమీర్‌పేట వెళ్ళి ఎర్ర మఖ్మల్ కొన్నారు. వనిత ఆకుపచ్చది కూడా ఒక మీటరు తీసుకుంది.

"గా పచ్చది దేనికే?" అంది సుకన్య.

"నీకే అక్కా. నేను రాణినైతే నాకు చెలికత్తె ఉండొద్దా? నిన్ను సుత స్టేజి ఎక్కిస్త, చూడు."

సుకన్య నవ్వేసి ఆ పచ్చ గుడ్డను గదిలోని అల్మారాలో పడేసింది. ఎర్రదాన్ని వనిత ఆది జాకెట్టు పెట్టి కోసింది. పొడుగు చేతులు, అంచుకి జరీ, వెనక హుక్సులు. లోపల రెండు పక్కలా అంగుళం గుడ్డ వదిలింది. మనిషి లావైతే కుట్టు విప్పుకుంటారు కదా, ఏ జాకెట్టుకైనా అలా వదలడం అలవాటే.

అది తొడిగి చూసుకోకముందే వనితకి దగ్గు పట్టుకుంది. పంజాగుట్టలో ఆసుపత్రి మంచం మీద, ముక్కుకి గొట్టంతో, ఒంటినిండా ఆమె ఎప్పుడూ రాసుకునే నీలగిరి తైలం వాసనతో, సుకన్య చెయ్యి పట్టుకుని ఒకటే మాట.

"దానికి కత్తెర పెట్టకు అక్కా. నేనొచ్చి తొడుక్కుంట."

"పెట్టనే. నువ్వే తొడుక్కుందువు."

వనిత రాలేదు. ఆమె బట్టలన్నీ ఇంట్లోవాళ్ళు ఆనవాయితీ ప్రకారం ఇచ్చేశారు. పెద్దకర్మ అయిన మర్నాడే కృష్ణమోహన్ ఆ వేషం అనుపమకిచ్చాడు. సన్నగా, మెరుపుతీగలా ఉండే పిల్ల. కనీసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడదామని కూడా ఎవరూ అనలేదు. సుకన్యకి ఒళ్ళు మండిపోయింది.

"ఆ ఎర్ర జాకెట్టు అనుపమకి సరిచేసెయ్యండి సుకన్య గారూ" అన్నాడాయన.

"కొత్తది కుడ్త సార్. గా ఎర్రది వనిత కోసం కుట్టింది. గామె ఒక్కసారి సుత తొడగలే."

"టైమెక్కడుందండీ? కష్టమైతే చెప్పండి, అద్దెకి తెచ్చేస్తాం. అప్పుడింక ఈ మిషనూ, ఈ గదీ కూడా ఎందుకు?"

ఆ ఆఖరి మాటకి ఆమె మనసు చివుక్కుమంది. ఈ గది పోతే తనకి మిగిలేది టీవీ, మంచం. అందుకని మాట దక్కేలా, పనీ దక్కేలా, లోపలి గుడ్డ కోయకుండా కుట్లు మాత్రం బిగించింది. అనుపమ వేసుకుని చూపిస్తే కృష్ణమోహన్ పెదవి విరిచాడు. "చంకల కింద ఉబ్బుగా ఉందండీ. ఆ ఎక్స్‌ట్రా గుడ్డ కోసేయండి."

బట్టలతో రిహార్సలున్న సాయంత్రం వాన మొదలైంది. పైన హాల్లో అందరూ తబలా మోతలో మునిగి ఉన్నారు. కింద సుకన్య జాకెట్టు తిరగేసి, కత్తెర చేతిలోకి తీసుకుని, చాలాసేపు అలాగే కూర్చుంది. తర్వాత కోసేసింది. మందపాటి మఖ్మల్ తెగుతుంటే పళ్ళు జివ్వుమన్నాయి. ఎర్ర ముక్కలు కాళ్ళ దగ్గర రాలాయి.

కరెంటు పోయింది.

పక్కనే ఉన్న జనరేటరు అలికిడి చెయ్యలేదు. పైన తబలా కూడా ఆగిపోయింది. ర్యాంపు మీదుగా నీళ్ళు జారుతున్న చప్పుడు ఒక్కటే వినిపిస్తోంది. చీకట్లో ఫోను కోసం తడుముకుంటుంటే తలుపు కిర్రుమంది. తడిసిన చీర కుచ్చిళ్ళు గచ్చు మీద ఈడ్చుకుంటూ ఎవరో లోపలికి వచ్చారు.

"అనుపమా? వచ్చినవా అమ్మా?"

"ఊఁ..."

చేతిలోని జాకెట్టు మెల్లగా జారి, అవతలి చేతుల్లోకి పోయింది. కాసేపు గుడ్డ గరగరలు. తర్వాత ఆమె ముందుకొక వీపు వచ్చి నిలబడింది. హుక్సులు పెట్టమని. ఇది రోజూ చేసే పనే. చీకట్లోనైనా చేతులు వాటంతటవే చేస్తాయి.

మొదటి హుక్కు పడింది. రెండోది కూడా పడింది. మూడో దాని దగ్గర సుకన్య వేళ్ళు ఆగాయి.

ఒళ్ళు చల్లగా ఉంది... వానలో తడిసి వచ్చింది కదా, అనుకుంది. కానీ వీపు... వెడల్పుగా ఉంది. ఇప్పుడే సన్నటి పిల్ల కొలతకి కోసిన జాకెట్టు, ఇంత వీపుకి బిగుతు లేకుండా ఎలా సరిపోతోంది...

నీలగిరి తైలం వాసన.

పక్కన మిషను మీద ఫోను మోగింది. ఎడమ చేత్తో ఎత్తింది. కుడి చెయ్యి ఇంకా హుక్కు మీదే ఉంది.

"ఆంటీ, అనుపమని. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఇరుక్కుపోయా. వాన కదా, బండి కదలట్లేదు. సార్‌కి కొంచెం చెప్తారా?"

ఫోను వెలుతురు ఎదుటి వీపు మీద పడింది. ఎర్ర మఖ్మల్... దాని పైన నెరిసిన జడ. ఆ ఆకారం తల తిప్పలేదు. గుసగుసగా మాత్రం అంది.

"అందరు మర్సిపోయిన్రు, పోనీ. అక్కా... నువ్వు సుత కోసినవా?"

జనరేటరు గుర్రుమంది. లైట్లు వెలిగాయి. గదిలో ఎవరూ లేరు. జాకెట్టు కుర్చీ వీపుకి తొడిగి ఉంది, హుక్సులన్నీ పెట్టి. కాళ్ళ దగ్గర రాలిన ఎర్ర ముక్కలు లేవు. జాకెట్టు లోపల చూసింది. రెండు పక్కలా అంగుళం గుడ్డ, కత్తెర తగలనట్టే ఉంది.

సుకన్య గదికి తాళం వేసి, ఒంట్లో బాగాలేదని చెప్పి ఇంటికి వెళ్ళిపోయింది. సంఘం వాళ్ళు రాణి బట్టలు అద్దెకి తెచ్చుకున్నారు. నాటకం బాగా ఆడింది, అనుపమకి శాలువా కప్పారు. వనిత పేరు ఎవరి నోటా రాలేదు.

వారం తర్వాత, మిషను తీసుకుపోదామని సుకన్య ఆ గది తాళం తీసింది. మిషను మీద ఆకుపచ్చ మఖ్మల్ పరిచి ఉంది. సుద్దముక్కతో గీసి, కోసి, ముందు వెనకలు కలిపి, ఒక చెయ్యి అతికించి. పక్కనే ఆది జాకెట్టు. అది సుకన్యదే, మొన్న బాల్కనీ తీగ మీద నుంచి కనబడకుండా పోయిన తెల్ల జాకెట్టు.

ఈ వారమంతా గది తాళం వేసే ఉంది. వాచ్‌మన్ హనుమాండ్లుని అడిగింది.

"తాళంచెవి నా దగ్గరేడిది అమ్మా? ఉన్నది ఒక్కటే. మీ దగ్గర్నే ఉన్నది గదా" అన్నాడతను.

మర్నాడు వెళ్ళేసరికి రెండో చెయ్యి పడింది. ఆ మర్నాడు మెడకి జరీ. వెళ్ళకుండా ఉండలేకపోతోంది సుకన్య. ఇంతకాలం అందరికీ కుట్టింది, తనకంటూ కుడుతున్నది వనిత ఒక్కతే. ఆ మాట తలచుకుంటే భయంతో పాటు ఏడుపూ వస్తోంది.

ఈ ఉదయం నుంచి ఆమెకి కొద్దిగా దగ్గు. జాకెట్టు తిరగేసి, పక్క కుట్ల లోపల వేలితో తడిమి చూసింది. అంగుళం గుడ్డ వదల్లేదు. విప్పుకునే అవసరం ఇక రాదన్నట్టు, కుట్టుకి ఆనించి సరిగ్గా కోసేసి ఉంది.

ఇక హుక్సులు కుట్టడమే మిగిలింది.