కస్టమర్ కుర్చీ

"మీరు ఇప్పుడొచ్చారు. అది ఇప్పుడే బాగైంది," అంది ఆమె, తప్పంతా నాదే అన్నట్టు.

మెట్లెక్కిన ఆయాసం ఇంకా తీరలేదు. బయట ఎండ మాడ్చేస్తోంది. టేబుల్ మీద కంప్యూటర్ మాత్రం ఏ పాపం ఎరగనట్టు వెలుగుతోంది.

అది ఆమె బాబాయి నడిపే చిన్న ప్రింటింగ్ ప్రెస్సు. కింద మెషీన్లు, పైన ఈ గది. ఆమె ఇక్కడ మ్యాటర్ టైప్ చేస్తుంది, పక్క బల్ల దగ్గర పిన్నిగారు పుస్తకాలు కుడతారు. కంప్యూటర్ జబ్బేమిటంటే, ఉన్నట్టుండి స్క్రీన్ నల్లబడుతుంది. ఒక్కోసారి తనే తేరుకుంటుంది. ఒక్కోసారి ఆపి ఆన్ చేయాలి, అప్పటిదాకా టైప్ చేసిందంతా గోవిందా. బాగుచేయడానికి నేనొస్తే మాత్రం డాక్టర్ని చూసిన జ్వరంలా మాయమైపోతుంది.

నేనూ తక్కువ తినలేదు. కేబుల్ మార్చాను, మానిటర్ మార్చాను. నేను రాగానే ఆమె కుర్చీ వదిలేసి పిన్నిగారి పక్కన చేరేది. నేను స్టూలు లాక్కుని గంటల తరబడి స్క్రీన్ మొహమే చూసేవాణ్ని. మధ్యమధ్య ఆమె మొహం కూడా, అది వేరే సంగతి. తల ప్రాణం తోకకొచ్చింది కానీ, నా ముందు అది ఒక్కసారి నల్లబడితే ఒట్టు.

"నిజంగా పోతోందాండీ?" అన్నాను నీరసంగా.

ఆమె ముఖం కందగడ్డ అయ్యింది. "అబద్ధం చెప్తున్నాననా? మీరు లేనప్పుడే పోతోంది. మీరు రావడం మొదలెట్టాక మరీ ఎక్కువైంది."

"అంటే, నేనే పాడుచేశాననా?"

"ఏమో, మీకే తెలియాలి."

పిన్నిగారు సూది ఆపి నవ్వారు. "డాక్టరు బాబూ, దానికి నీమీద బెంగేమో చూడు."

"పిన్నీ!"

అంతలో బాబాయిగారు పైకొచ్చారు. "చూడమ్మా, ఇవాళ తేలకపోతే ఇక నావల్ల కాదు. పని ఇచ్చిన పార్టీలకు జవాబు చెప్పలేకపోతున్నాను. రేపట్నుంచి టైపింగ్ బయటికిచ్చేస్తాను. నువ్వు ఇంటికెళ్లి మీ అమ్మకు తోడుగా ఉండు."

ఆయన గొంతులో కోపం లేదు, విసుగే. ఆయన కిందికెళ్లాక ఆమె కీబోర్డు మీద దుమ్ము తుడుస్తూ ఉండిపోయింది. అక్కడ దుమ్మేమీ లేదు.

ఆమెకు పని పోతుంది. ఆమె లేకపోతే ఈ మెట్లు నేనెందుకు ఎక్కుతాను? మళ్లీ అన్నీ విప్పాను, బిగించాను. మధ్యాహ్నం దాటేసరికి స్టూలు మీద నడుం పట్టేసింది.

"ఆ కుర్చీలో కూర్చోవచ్చుగా! ఎన్నిసార్లు చెప్పాలి?" అంది ఆమె.

"కస్టమర్ కుర్చీలో కూర్చోకూడదండీ. పనిలో చేరిన మొదటిరోజే మా గురువుగారు చెప్పారు."

"రేపట్నుంచి అది నా కుర్చీ కాదులెండి. కూర్చోండి."

ఆ మాటకి కాదనలేకపోయాను. బాబాయిగారు ఈమధ్యే కొన్న మెత్తటి కుర్చీ, మీట నొక్కితే పైకీ కిందికీ కదిలే రకం. కూర్చున్నాను. ప్రాణం లేచొచ్చింది. కాసేపటికి స్క్రూడ్రైవర్ అందుకుందామని లేచాను.

స్క్రీన్ నల్లబడింది.

ఇద్దరం ఒకరి మొహాలొకరం చూసుకున్నాం. స్క్రీన్ మళ్లీ వెలిగింది. కూర్చుని లేచాను. నల్లబడింది. మళ్లీ కూర్చున్నాను, మళ్లీ లేచాను. మళ్లీ అదే.

"దొరికింది!" అని అరిచాను. "కుర్చీ అండీ! లేచినప్పుడు ఇందులో కాస్త కరెంటు పుట్టి మానిటర్ వైరుని కలవరపెడుతోంది. నేను స్టూలు వదిలితే కదా కనబడేది!"

కొండను తవ్వి ఎలుకను పట్టాను. అయినా ఆ ఎలుకంత ముద్దొచ్చింది ఇంకేదీ లేదు. కానీ ఒక్కటే బోధపడలేదు.

"టైపింగ్ అంటే కూర్చుని చేసే పని కదండీ. మరి మీరు అన్నిసార్లు ఎందుకు లేస్తున్నారు? అదీ ఈమధ్యే?"

ఆమె కిటికీవైపు చూసి, చటుక్కున తల తిప్పుకుంది. జవాబు పిన్నిగారి దగ్గర్నుంచి వచ్చింది.

"వీధిలో ఏ బండి చప్పుడైనా లేస్తుంది బాబూ. నీదేమోనని."

"కాదని చెప్పను," అంది ఆమె చివరికి. "నవ్వితే మాత్రం ఊరుకోను."

"నవ్వే ఓపిక కూడా లేదండీ. ఈ పని ఇంకొకరికి ఇస్తామని ఆఫీసులో ఎప్పట్నుంచో అంటున్నారు. నేనే పట్టుకుని వేలాడుతున్నాను. కంప్యూటర్ కోసం కాదు. మీరంటే ఇష్టం నాకు."

ఆమే నవ్వేసింది, కళ్లు తుడుచుకుంటూ.

మర్నాడు సాయంత్రం ప్రెస్సు ముందు బండి ఆపాను. మెట్లెక్కేసరికి ఆమె గుమ్మంలో నిలబడి ఉంది. వెనక పాత చెక్క కుర్చీ, వెలుగుతూనే ఉన్న స్క్రీన్, అందులో సగం టైప్ చేసిన పేజీ.

బాబాయిగారూ అక్కడే ఉన్నారు. "ఇప్పుడేం పాడైందయ్యా?"

"ఏం పాడవలేదండీ. మీతో మాట్లాడదామని వచ్చాను."

ఆయన నన్ను చూశారు. అన్నకూతుర్ని చూశారు. దారం తెంపుతూ నవ్వుతున్న పిన్నిగారిని చూశారు. తర్వాత మూలకు నెట్టేసిన ఆ మెత్తటి కుర్చీని తనే లాక్కొచ్చి నా ముందు వేశారు.

"అయితే కూర్చో. ఈసారి తొందరపడి లేవకు."