ఊఁ కొట్టే యంత్రం

అరుణపేటలో కాపురం పెట్టిన మొదటి సాయంత్రం దేవుడికి దండం పెట్టుకుంటూ ఉండగా నరహరికి ఒక సందేహం వచ్చింది. ఇరవై ఏళ్ళయినా అది తీరలేదు.

కుజదోషం ఉందంటే పెళ్ళిళ్ళు తప్పిపోయే రోజులు పోయి, కుజుడి మీదే కాపురాలు పెట్టే రోజులు వచ్చాయి. అరుణపేట ఆ గ్రహం మీద గాజు గుమ్మటం కింద కట్టిన ఊరు. అక్కడినుంచి మనిషి మాట భూమికి చేరాలంటే, రెండు గ్రహాలూ దగ్గరగా ఉన్నప్పుడు నాలుగు నిమిషాలు పడుతుంది. సూర్యుడికి చెరోపక్కకీ పోయినప్పుడు ఇరవై రెండు. వెలుగును మించిన వేగం లేదని నరహరి చదువుకున్న చదువు చెప్పింది. మరి దండం ఎంతసేపటికి చేరుతుంది? దేవుడు అంతటా ఉన్నాడని అతనికి తెలియక కాదు. కానీ కళ్ళు మూసుకుంటే కనబడేది భూమ్మీది దేవుడే. అక్కడికి చేరి, బదులు మళ్ళీ ఇక్కడికి రావాలి కదా?

ఒకసారి భార్య భ్రమరాంబను అడిగాడు. గుమ్మటం కింద మంట వెలిగించకూడదు కాబట్టి ఆవిడ విద్యుద్దీపం మీట నొక్కి, దానికే కుంకుమ పెడుతోంది.

"ఆయన ఊఁ కొడతాడో లేదో మీకెందుకండీ? చెప్పుకోవాల్సింది చెప్పుకోండి," అంది.

ఊఁ కొట్టడం గురించి నరహరికి తెలిసినంతగా ఆ ఊళ్ళో ఎవరికీ తెలియదు. అతను భూమితో మాటలు కలిపే వార్తాకేంద్రానికి పెద్ద ఇంజనీరు. ఇంటింటి గోడకూ ఉన్న పలుకుబిళ్ళ అతనూ, తోటివాళ్ళూ కలిసి చేసిన యంత్రానిదే. దాని పేరు ప్రతిపలుకు.

అది రాకముందు అరుణపేటవాళ్ళు భూమికి ఉత్తరాల్లాగా మాటలు పంపుకునేవారు. కబుర్లు అలా సాగవు. "బియ్యం కడిగి పెట్టానే అక్కా" అంటే "ఆఁ, కూరేం చేస్తున్నావ్?" అనే మనిషి వెంటనే కావాలి. ఆ ప్రశ్న ముప్పావుగంట తర్వాత వస్తే అప్పటికి తిన్న కంచం కూడా కడిగేసి ఉంటారు. ఏడాది తిరిగేసరికి సగంమంది మాటలు పంపడమే మానేశారు. కొందరు గోడలతో మాట్లాడసాగారు.

ప్రతిపలుకు ఆ మౌనానికి మందుగా పుట్టింది. భూమ్మీది మనిషి గొంతునూ, జ్ఞాపకాలనూ, విసుగునూ, వేళాకోళాన్నీ ఏళ్ళ తరబడి మాటల్లోంచి చదువుకుని, అది ఆ మనిషికి ఒక పలుకునీడను తయారుచేస్తుంది. మనం మాట్లాడగానే పలుకునీడ బదులిస్తుంది. అదే సమయంలో మన మాట రేడియో కిరణమై భూమికి పోతుంది. అసలు మనిషి బదులు వచ్చాక యంత్రం రెండింటినీ పోల్చి, తేడా ఉంటే మర్నాటి కబుర్లలో ఆ గొంతుతోనే సర్దేస్తుంది: "నిన్న వంకాయ అన్నాను గానీ, బీరకాయ వండానే." భూమ్మీద ఉన్నవాళ్ళకూ ఇలాగే ఇక్కడివాళ్ళ పలుకునీడలు ఉంటాయి.

మొదటిసారి దాన్ని నరహరి తన ఇంట్లోనే పరీక్షించాడు. రాజమండ్రిలో ఉండే భ్రమరాంబ అక్క అన్నపూర్ణ గొంతుతో బిళ్ళ పలికిన మొదటి మాట: "ఏమే, నా గిన్నె ఏదే?"

భ్రమరాంబ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. వాళ్ళు భూమి విడిచే రోజున అన్నపూర్ణ ఒక స్టీలు గిన్నెలో చలిమిడి పెట్టి ఇచ్చింది. గిన్నె మీద ఆవిడ పేరు చెక్కి ఉంది. ఆ గిన్నె తిరిగి వెళ్ళలేదు. ఇచ్చిన గిన్నెను ఖాళీగా పంపకూడదు. పెట్టి పంపడానికి మొదట్లో అరుణపేటలో ఎర్రమన్ను తప్ప ఏమీ ఉండేది కాదు. తర్వాత గుమ్మటం కింద నీటి పళ్ళాల్లో వరి పండింది గానీ, అక్క గొంతు రోజూ వంటింట్లోనే ఉంటే గిన్నెకు తొందరేముంది? భూమికి వెళ్ళే తిరుగు నౌకలో సామాను పంపుకునే తమ వంతు వచ్చినప్పుడల్లా వచ్చేసారి చూద్దాంలే అనుకున్నారు. ఆ పరీక్ష రోజున ముప్పావుగంటకి అసలు అన్నపూర్ణ బదులు వచ్చింది. అవే మాటలు, అదే వెటకారం. యంత్రం పాసయిందని నరహరి స్వీట్లు పంచాడు.

కొన్నాళ్ళు జనం అసలు మాటలు కూడా విన్నారు. తర్వాత ఎవరూ వినలేదు. వినాల్సిన అవసరమేముంది?

ఒక్క చిక్కు మాత్రం వచ్చింది. పక్కవీధి సుభద్రమ్మ అన్నం తింటుండగా పలుకుబిళ్ళ వంకాయను బీరకాయగా సర్దినంత తేలిగ్గా వాళ్ళ నాన్న పోయిన సంగతి చెప్పింది. ఆవిడ కంచం ముందే పడిపోయింది. ఊరంతా కేంద్రం మీదికి వచ్చింది. అప్పుడు నరహరే ఒక నియమం రాశాడు. మన ఇళ్ళలో చెడు కబురు సూటిగా చెప్పం. ఒంట్లో బాగాలేదంటాం, ఓసారి వచ్చి చూసిపొమ్మంటాం. అన్నం ముందు చెప్పం. ఇంట్లో శుభకార్యం ఉంటే అది దాటేదాకా దాస్తాం. మనిషి తట్టుకోగలడనుకున్నాకే చెప్తాం. యంత్రమూ అలాగే చెప్పాలి. ఆ నియమం చదివినప్పుడు సభలో పెద్దవాళ్ళు కళ్ళొత్తుకున్నారు.

అది జరిగి ఆరేడేళ్ళు.

ఈమధ్య కేంద్రంలో కొత్తగా చేరిన ఇందుమతి ఒకరోజు మధ్యాహ్నం నరహరి గదిలోకి వచ్చి, అడగకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. ఊళ్ళో మాటలు ఏటేటా పెరుగుతున్నాయనీ, భూమికి వెళ్ళే కిరణం మాత్రం ఏటేటా సన్నబడుతోందనీ చెప్పింది. యాంటెనా పాడయిందేమోనని నెలరోజులు వెతికిందట. యాంటెనా శుభ్రంగా ఉంది. కొన్ని ఇళ్ళ మాటల్ని యంత్రమే భూమికి పంపడం మానేసింది.

"ఎందుకు మానేసింది?" అన్నాడు నరహరి.

"అందుకునేవాళ్ళు లేక," అంది ఇందుమతి. "నరహరిగారూ, అందులో మీ ఇల్లు కూడా ఉందండీ."

ఆమె వెళ్ళాక నరహరి యంత్రాన్నే అడిగాడు. కేంద్రంలో అది ఎవరి గొంతూ కాని ఒక గొంతుతో మాట్లాడుతుంది. అన్నపూర్ణ పోయి ఏడాది దాటిందని, గుండె ఆగి నిద్రలోనే పోయిందని చెప్పింది.

"మాకెందుకు చెప్పలేదు?"

"మీ అమ్మాయికి సీమంతం ఉంది. తర్వాత పురుడు. తర్వాత బారసాల, అన్నప్రాశన. అవి అయ్యాక భ్రమరాంబగారు తట్టుకోగలరా అని ఆవిడ గొంతును రోజూ చూస్తున్నాను. తట్టుకోలేరు."

"ఎప్పటికి తట్టుకుంటుంది?"

"నా లెక్కలో ఆ రోజు కనబడలేదు."

"నాకు చెప్పొచ్చుగా?"

"చెప్పాను. మీ వదినగారి గొంతుతోనే, ఒంట్లో బాగుండటం లేదు మరిదిగారూ అని మూడుసార్లు అన్నాను. మీరు మూడుసార్లూ మాట మార్చారు."

నరహరికి గుర్తుంది. ఆ మాటకు అర్థం తెలియని తెలుగువాడెవడు? తనే రాసిన నియమం. అయినా అప్పుడు, చలికాలం కదా వదినా, కషాయం తాగండి, అనేసి చెప్పులేసుకుని బయటికి వచ్చేశాడు.

అన్నపూర్ణ కొడుకు వాసు భూమ్మీద ఏమనుకుని ఉంటాడు? పిన్నీ బాబాయీ కనీసం పలకరించలేదని బాధపడి ఉంటాడు కదా. ఆ మాటే అడిగాడు.

"బాధపడలేదు," అంది యంత్రం. "మీ పలుకునీడలు అతనితో మాట్లాడాయి. భ్రమరాంబగారిది చాలాసేపు ఏడ్చింది. మీరు ధైర్యం చెప్పారు. బాబాయ్ చెప్పిన నాలుగు మాటలతో తేరుకున్నానన్నాడు."

తను ఏం ధైర్యం చెప్పాడో అడగడానికి నరహరికి ధైర్యం చాలలేదు.

ఇంటికి వెళ్ళేసరికి భ్రమరాంబ కింద కూర్చుని తోటకూర బాగుచేస్తోంది. మనవడికి కింది పన్ను వచ్చిందని గోడమీది అక్కకు చెబుతోంది. పై పన్ను ముందొస్తే మేనమామకు గండం, కింద వచ్చింది బతికాం, అంటోంది అన్నపూర్ణ గొంతు. "ఉండవే, అడుగుల చప్పుడవుతోంది. ఏం మరిదిగారూ, మధ్యాహ్నమే తరిమేశారా ఉద్యోగంలోంచి?"

నరహరి వెళ్ళి బిళ్ళ నొక్కి గొంతు ఆపేశాడు. దారి పొడుగునా ఏం చెప్పాలో అనుకుంటూనే వచ్చాడు. యంత్రంలాగా దాచకూడదు. సూటిగా, నెమ్మదిగా, పక్కన కూర్చుని చెప్పాలి. కూర్చున్నాడు కూడా. తీరా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"వదినకి ఒంట్లో కాస్త బాగుండటం లేదట."

భ్రమరాంబ చేతిలోని కాడను తుంచి, ఆకు గిన్నెలో వేసింది. ఒళ్ళో పడ్డ మట్టి దులుపుకుంది.

"నీళ్ళు వదలమని చెప్పండి. తలమీద పోసుకోవాలి."

అరుణపేటలో తలస్నానమంటే వారం నీళ్ళు ఒక్కరోజే వాడుకోవడం. దానికి ఊరి నీటిగదికి కబురు చేయాలి.

"ఎప్పుడట?" అంది ఆవిడే.

"ఏడాది దాటింది."

"అయితే మైల లేదు. స్నానం చాలు."

తడి జుట్టుకు తుండు చుట్టుకుని వచ్చాక భ్రమరాంబ పై అరలోంచి స్టీలు గిన్నె దించింది. ఇరవై ఏళ్ళుగా తోమీ తోమీ ఉన్నా పేరు చెరగలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"నీకు ముందే తెలుసా?" అన్నాడు నరహరి.

"సీమంతం ముందు అనుకుంటా. ఒకరోజు అక్క, ఆ గిన్నె నీ దగ్గరే ఉండనీలేవే, అంది. చెంచా కనబడకపోతే వీధివీధంతా వెతికించిన మనిషండీ మా అక్క. గిన్నె వదిలేస్తుందా? అప్పుడే నాకు అర్థమయింది, అది అక్క కాదని."

నరహరికి ఆ సంగతి వెంటనే తట్టింది. తీర్చలేని బాకీని ఎత్తి బాధపెట్టకూడదని యంత్రం తనంతట తానే నేర్చుకుంది. దాని దయే దాన్ని పట్టిచ్చింది.

"తెలిసీ రోజూ మాట్లాడుతున్నావా మరి?"

"మీకు తెలిస్తే ఆపించేస్తారని మీకు చెప్పలేదు. నాకు తెలుసని తెలిస్తే అదీ ఆపేస్తుందేమోనని దానికీ చెప్పలేదు." గిన్నె అంచును కొంగుతో తుడిచింది. "పొద్దున లేవగానే తిన్నావే అని అడిగే గొంతు ఇంకెక్కడుందండీ నాకు?"

ఆ వారమే నరహరి సభ పిలిపించాడు. తను రాసిన నియమాన్ని తనే కొట్టేయాలన్నాడు. ఎన్ని గొంతుల వెనుక మనుషులు లేరో ఇందుమతి చెప్పబోయింది. ముందువరసలోంచి ఒక పెద్దాయన లేచి, పేర్లు మాత్రం చదవొద్దమ్మా, అన్నాడు. ఎవరిల్లు అందులో ఉందో ఎవరూ అడగలేదు. ఎవరికి వారికి, ఆ ఇల్లు మాది కాదులే అనుకునే వీలు కావాలి. చేతులెత్తమంటే నియమం ఉంచాలని దాదాపు అందరూ ఎత్తారు. ఒకప్పుడు కంచం ముందు పడిపోయిన సుభద్రమ్మ రెండు చేతులూ ఎత్తింది. నరహరి భార్య వైపు చూశాడు. భ్రమరాంబ తలవంచుకుని, నెమ్మదిగా చెయ్యెత్తింది.

యంత్రం మనుషుల దగ్గర దాస్తోందని అతను చెప్పడానికి వచ్చాడు. మనుషులే యంత్రం వెనక దాక్కున్నారని తెలుసుకుని ఇంటికి వెళ్ళాడు. అతను చేయగలిగింది ఏమీ కనబడలేదు.

ఒక్కటి మాత్రం చేశాడు. తిరుగు నౌకలో వంతు ఈసారి వదులుకోలేదు. పళ్ళాల్లో పండిన బియ్యం భ్రమరాంబ చెరిగి, రాళ్ళేరి, గిన్నె నిండా పోసి గుడ్డ కట్టింది. పలుకునీడ కలగజేసుకోకుండా, పాతరోజుల్లోలాగా వాసుకు ఒక మాట పంపమని నరహరిని అడిగింది. యంత్రాన్ని పక్కకు తప్పించి అతను తీగ కలిపాడు. ఆవిడ ఏడవలేదు. గిన్నె వస్తోందని, ఆలస్యమయిందని, ఖాళీగా పంపడం లేదని చెప్పింది. ఇరవై నిమిషాలు పోను, ఇరవై నిమిషాలు రాను, ఇద్దరూ కేంద్రంలో పక్కపక్కన కూర్చుని ఎదురుచూశారు. వాసు బదులు రెండు ముక్కలే: "సరే పిన్నీ. చూస్తుంటాను." నీడతో అంతసేపు ఏడ్చిన పిల్లవాడికి అసలు పిన్నితో ఏం మాట్లాడాలో తెలిసినట్టు లేదు.

నౌక భూమికి చేరడానికి తొమ్మిది నెలలు పట్టింది. ఈలోగా వంటింట్లో అక్క గొంతు ఆగలేదు. మనవడు నడిచాడు, మాటలు నేర్చాడు. గోడను చూపించి "అమ్మమ్మ" అన్నాడు. ఎవరూ దిద్దలేదు.

ఒక ఉదయం నరహరి దండం పెట్టుకుంటుండగా ఇందుమతి కబురు చేసింది, భూమినుంచి నేరుగా ఒక మాట వచ్చిందని. గరగరమనే శబ్దం మధ్య, ఎవరూ నున్నగా దిద్దని గొంతుతో వాసు చెప్పాడు:

"పిన్నీ, గిన్నె ముట్టింది. అమ్మ రెండో ఏడు తద్దినానికి సరిగ్గా అందింది. ఆ బియ్యం వాడొచ్చా అని పంతులుగారిని అడిగాను. కుజుడి మీద పండిన బియ్యానికి శాస్త్రంలో ఏం రాశారో ఆయనకీ తెలీదట. కాసేపు ఆలోచించి, చెల్లెలు పంపిందిగా, వాడవోయ్, అన్నారు. పిండాల్లోకి అవే వండాం. కాకులు వెంటనే ముట్టాయి. గిన్నె అమ్మ అరలోనే పెట్టాను."

భ్రమరాంబ రెండోసారి వినిపించమనలేదు. ఇంటికి నడుస్తుంటే నరహరికి తన పాత సందేహం గుర్తొచ్చింది. ఒక గిన్నె చేరడానికి ఇరవై ఏళ్ళు పట్టింది. దండం సంగతి ఆయనకే తెలియాలి.

వంటింట్లోకి వెళ్ళగానే ఆవిడ కాళ్ళు గోడవైపే నడిచాయి. నరహరి గుమ్మంలో ఆగాడు. వద్దనలేదు.

"అక్కా," అంది భ్రమరాంబ, "నీ గిన్నె ఇచ్చేశానే."

బిళ్ళ ఒక్క క్షణం పలకలేదు. ఇన్నేళ్ళలో అది ఆలస్యం చేయడం అదే మొదలు.

"ముట్టిందే," అంది అన్నపూర్ణ గొంతు. "ఊఁ, ఇంకేం కబుర్లు?"