బెల్లంబిళ్ళ

ఉదయం ఎనిమిదిన్నరకి బడిగంట మోగింది. బడి మాత్రం ఎక్కడా లేదు. కాకినాడలో బడి అనే కట్టడాలు మూతపడి అప్పటికి పంతొమ్మిదేళ్ళు. 2064లో బడి అంటే ఇంట్లో ఒక గోడ. ఆ గోడ మీద తెల్లటి వెలుగు పరుచుకునేది. అందులో ఆదిలాబాద్‌లో కూర్చున్న పంతులమ్మా, ఆవిడ చుట్టూ నలభై ఊళ్ళ నుంచి నలభై మంది పిల్లల మొహాలూ కనబడేవి. ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకా చదువంతా ఈ గోడబడిలోనే.

బస్సు అక్కర్లేదు. యూనిఫాం నడుం పైన వేసుకుంటే చాలు. ఇన్ని సుఖాలున్న బడికి ఒక్కటే షరతు. పన్నెండేళ్ళు నిండని పిల్లల వెనక ఇంటి మనిషి ఒకరు రోజూ నాలుగు గంటలు కూర్చోవాలి. ఆ మనిషిని నిబంధనల్లో 'గృహగురువు' అన్నారు. గోడ మీద పాఠం ఒక్కసారే చెబుతారు. దాన్ని బుర్రకెక్కించే పని గృహగురువుది. ఈ షరతు రాసిన మహానుభావుడికి పిల్లలు లేరని జనం గట్టిగా నమ్మేవారు.

హన్విక ఆ గోడబడి ప్రయోగశాలలోనే ధ్వనిశాస్త్ర ఇంజనీరు. మధ్యాహ్నం నుంచి ఉద్యోగం, పొద్దున్నంతా గృహగురువు. భర్త సముద్రంలో గాలిమరలు బాగుచేసే పనిలో ఉండి పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చేవాడు. వాళ్ళకి ఒక్కతే కూతురు, నూకరత్నం. ఆ రోజుల్లో పాతపేర్ల మోజు తిరిగొచ్చింది. పదేళ్ళ నూకరత్నం అయిదో తరగతి.

ఒకరోజు భిన్నాల పాఠం జరుగుతోంది. ముప్పావు అంటే ఎంతో హన్విక ఆరుసార్లు చెప్పింది. ఏడోసారి రత్నం, "ముప్పావంటే ముప్పై పావులా అమ్మా?" అంది.

"ఎన్నిసార్లు చెప్పాలే నీకు? నీ బుర్రలో ఉన్నది మెదడా, ఇడ్లీపిండా? గాడిద కొడుకులు కూడా ఈపాటికి నేర్చేసుకుందురు!"

మైకు ఆపడం మర్చిపోయింది. నలభై ఇళ్ళల్లో మాట మారుమోగింది. గోడ మీద పంతులమ్మ ఇబ్బందిగా దగ్గి, "నూకరత్నం అమ్మగారూ, మైకండీ" అంది. ఎవరూ నవ్వలేదు. మిగతా ముప్పై తొమ్మిది ఇళ్ళల్లోనూ మైకు ఆపి అదే పని జరుగుతోంది మరి.

పాఠం అయ్యాక రత్నం కళ్ళు తుడుచుకుంటుంటే హన్విక అటు చూడలేకపోయింది. కారణం ఉంది. హన్వికకి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ సహస్ర ఎందుకో విసిగిపోయి, "నువ్వు ఎందుకూ పనికిరావే" అంది. సహస్ర చెడ్డమనిషి కాదు. సాయంత్రానికి ఆ మాట మర్చిపోయి గారెలు వండిపెట్టింది. హన్విక మాత్రం మర్చిపోలేదు. ఆ పూట తను వేసుకున్నది పసుప్పచ్చ గౌను అని కూడా గుర్తే. డాక్టరేటు పట్టా అందుకున్న రోజు చప్పట్ల మధ్య కూడా అదే మాట చెవిలో వినబడింది. తన కూతురి చెవిలో అలాంటి మాట ఒక్కటి కూడా పడకూడదని ఆమె పంతం.

తిట్టడం మానెయ్యొచ్చు గదా అని ఎవరైనా అడగొచ్చు. అడిగేవాళ్ళు పదేళ్ళ పిల్లకి భిన్నాలు చెప్పి చూసి అప్పుడు అడగాలి. హన్విక పదకొండు రోజులు మానేసింది. పన్నెండో రోజున దశాంశాలు మొదలయ్యాయి.

"మాట మార్చే యంత్రం చేద్దామండీ" అంది ఆమె, ప్రయోగశాల పెద్ద మోక్షజ్ఞతో. "నేను తిడతాను. పిల్లకి మాత్రం మంచిగా వినబడాలి."

అరవై దాటిన మోక్షజ్ఞ తనూ ఒక గృహగురువే. పొద్దున్నంతా మనవడి వెనక కూర్చుని వచ్చిన నీరసం మొహంలో ఉంది. "ఎలా కుదురుద్దమ్మా? యంత్రం నీ తిట్టు వినాలి, అర్థం చేసుకోవాలి, దానికి బదులు మంచిమాట తయారుచెయ్యాలి. ఈలోగా అసలుది చెవిలో పడిపోద్ది గదా."

"పడదండీ. నెలరోజులు నా తిట్లు నేనే రికార్డు చేసి చూశాను. మొత్తం ముప్పై ఏడు. వాటినే తిప్పి తిప్పి తిడుతున్నాను. మొదటి రెండక్షరాలు వింటే చాలు, మిగతాది యంత్రం ముందే ఊహించేస్తుంది."

"ముప్పై ఏడేనా? నావి అంతకంటే ఎక్కువుంటాయే."

"లెక్కపెట్టండి, ఉండవు."

మోక్షజ్ఞ లెక్కపెట్టుకున్నాడు. ఇరవై తొమ్మిది తేలాయి. ఆయన కాస్త చిన్నబుచ్చుకున్నాడు గానీ పనికి ఒప్పుకున్నాడు.

అలా పుట్టింది 'స్వరమృదులకం'. ఇంగ్లీషులో వాయిస్ సాఫ్టెనర్. చెవిలో పట్టే చిన్న బిళ్ళ. గృహగురువు నోరు తెరవగానే అది ఆ గొంతుకి ఎదురు తరంగం పంపి శబ్దాన్ని అక్కడికక్కడే చంపేస్తుంది. దాని స్థానంలో అదే గొంతుతో మెత్తటి మాట వినిపిస్తుంది. బిళ్ళ చెవిలో వెచ్చగా ఉన్నంతసేపూ బల్ల మీద పచ్చలైటు వెలుగుతుంది. గృహగురువు ఒళ్ళో ఉండే పలక మీద పిల్లకి ఏం వినబడిందో అక్షరాల్లో కనబడుతుంది. రంగు చూసి అందరూ దాన్ని బెల్లంబిళ్ళ అన్నారు. గృహగురువు ఎలాగూ వెనకే కూర్చోవాలి కాబట్టి పిల్లలకి మొహం కనబడే గొడవ లేదు.

పది ఇళ్ళల్లో ఆరు నెలల పరీక్ష మొదలైంది. హన్విక ఇల్లూ, మోక్షజ్ఞ ఇల్లూ అందులోవే. పిల్లలకి అసలు సంగతి చెప్పలేదు. "ఇది పెట్టుకో. దీంట్లో పాఠం బాగా వినబడుద్ది" అని చెప్పి హన్విక రత్నం చెవిలో బిళ్ళ పెట్టింది.

మొదటిరోజే ఫలితం కనబడింది. "మెదడు ఎవరికైనా అరువిచ్చేవా?" అని హన్విక అరిస్తే పలక మీద 'కాస్త ఆలోచించు బంగారం, నీకు వచ్చు' అని పడింది. రెండోవారం దాటేసరికి పరిస్థితి మరీ మెరుగైంది. ఎంత అరిచినా రత్నం వెనక్కి తిరగకుండా, "సరే అమ్మా, మళ్ళీ చేస్తాను" అనేది. ఏడుపు లేదు, అలక లేదు. పది ఇళ్ళ నుంచీ ఇదే కబురు. మార్కులు కూడా పెరిగాయి. మోక్షజ్ఞ సంబరంగా విద్యాసంఘానికి నివేదిక రాయడం మొదలుపెట్టాడు.

నివేదికలోకి ఎక్కని అంకె ఒకటుంది. హన్విక తిట్లు ముప్పై ఏడు నుంచి రెండు వందల పన్నెండయ్యాయి. ఎలాగూ వినబడనప్పుడు నోరు కట్టుకోవడం దేనికి? ఇంటిపని మీద విసుగు, ఆఫీసు మీద విసుగు, ఊళ్ళో లేని మొగుడి మీద విసుగు, అన్నీ ఆ చిన్న వీపు మీదే దించేసేది. గంట కొట్టాక తలంటు పోసుకున్న మనిషిలా తేలిగ్గా లేచి, పాట పాడుకుంటూ వంటింట్లోకి వెళ్ళేది.

ఒక మంగళవారం ఎనిమిదోవంతు పాఠం వచ్చింది. పావు పెద్దదా, ఎనిమిదోవంతు పెద్దదా అంటే రత్నం ఎనిమిదోవంతే అంది. ఎనిమిది పెద్ద అంకె గదా అంది. నాలుగోసారి కూడా అదే అంది.

"నువ్వు ఎందుకూ పనికిరావే!"

హన్విక తన నోటిని తనే చేత్తో మూసుకుంది. పలక వైపు చూసింది. 'నీ మీద నాకు నమ్మకం ఉంది బంగారం' అని ఉంది. పచ్చలైటు వెలుగుతోంది.

కాసేపాగి రత్నం, "సరే అమ్మా, మళ్ళీ చేస్తాను" అంది.

హన్విక ఊపిరి పీల్చుకుంది. అమ్మ నుంచి తనకొచ్చిన మాట తన కూతురి దాకా చేరకుండా ఆ బిళ్ళ దగ్గరే ఆగిపోయింది. ఒక మనిషి చెయ్యలేని పని యంత్రం చేసింది. ఆ పూట ఆమెకి చాలా గర్వంగా అనిపించింది.

సంవత్సరం చివర 'గడప పరీక్ష' వచ్చింది. ప్రాథమికం దాటి మాధ్యమికంలో అడుగుపెట్టడానికి అదే గడప. ఇందులో పిల్లలు జవాబులు రాయరు, పాఠం చెబుతారు. గోడబడి వాళ్ళు బుజ్జి అనే యంత్రశిష్యుణ్ణి ఇంటికి పంపుతారు. మోకాలెత్తు బొమ్మ, రెండు చెవులు, ఎర్రటి బుగ్గలు. కావాలనే తప్పులు చేస్తుంది. దానికి ఏం వినబడిందో దాన్నిబట్టి మార్కులు గోడ మీద పడతాయి. గృహగురువు వెనక కూర్చోవాలి గానీ నోరు విప్పకూడదు.

రత్నం రెండు దిబ్బరొట్టెలు ముందు పెట్టుకుంది. ఒకదాన్ని నాలుగు ముక్కలు, ఇంకోదాన్ని ఎనిమిది ముక్కలు చేసింది. "చూడు బుజ్జీ. ఎక్కువమంది పంచుకుంటే ఒక్కొక్కరి ముక్క చిన్నదవుద్ది గదా? ఇప్పుడు చెప్పు, ఏది పెద్దది?"

"ఎనిమిదోవంతు అక్కా. ఎనిమిది పెద్ద అంకె."

రత్నం మళ్ళీ చెప్పింది. బుజ్జి మళ్ళీ అదే అంది. మూడోసారి కూడా అదే అంది. హన్విక కూర్చున్నచోటే ఉడికిపోయింది. అంత తేలిగ్గా చెబితే ఆ రేకుడబ్బాకి ఎక్కదేం?

అప్పుడు రత్నం తన తొడ కింద చెయ్యిపెట్టి ఏదో తీసింది. బెల్లంబిళ్ళ! దాన్ని బుజ్జి చెవిలో దూర్చి, "ఇది పెట్టుకో. దీంట్లో పాఠం బాగా వినబడుద్ది" అంది. ఆ తరవాత అందుకుంది.

"ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? మెదడు ఎవరికైనా అరువిచ్చేవా? నీకు పాఠం చెప్పడం కన్నా గేదెని కడుక్కోవడం నయం! నీలాంటోడు ఇంటికొకడుంటే ఊరు బాగుపడినట్టే!"

ఒక్కటి తప్పకుండా అన్నీ హన్విక మాటలే. వరస కూడా అదే. హన్విక కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. తల్లి గొంతుకి అలవాటుపడ్డ బిళ్ళ కూతురి గొంతు దగ్గర ఏమాత్రం తడబడలేదు. ఒళ్ళో పలక మీద 'కాస్త ఆలోచించు బంగారం' అని ఒకదాని తరవాత ఒకటి పడుతున్నాయి.

"నువ్వు ఎందుకూ పనికిరావురా!"

'నీ మీద నాకు నమ్మకం ఉంది బంగారం' అంది పలక.

"సరే అక్కా, మళ్ళీ చేస్తాను" అంది బుజ్జి. "పావే పెద్దది."

గోడ మీద చప్పట్లు మోగాయి. అక్షరాలు మెరిశాయి. 'బోధన ఉత్తమం. మాటతీరు ఆదర్శప్రాయం. సహనం నూటికి తొంభై ఎనిమిది. నూకరత్నం ఆరో తరగతికి అర్హురాలు.'

రత్నం ఎగిరి గంతేసి వెనక్కి తిరిగింది. తల్లి మొహం చూసి ఆగిపోయింది. తను బుజ్జి చెవిలో పెట్టింది ఏమిటో అప్పుడు గుర్తొచ్చింది ఆ పిల్లకి.

"ఎప్పట్నుంచి తీసేస్తున్నావే?" అంది హన్విక.

"రెండోవారం నుంచి."

"ఎందుకు?"

"నువ్వు నన్ను ఎప్పుడూ బంగారం అనవు గదా, నూకాలూ అంటావ్. అందులో నీ గొంతుతో ఎవరో బంగారం బంగారం అంటుంటే భయమేసింది. తీసి చూస్తే నువ్వే."

"మరి పచ్చలైటు?"

"తొడ కింద పెట్టుకుంటే వెచ్చగా ఉంటది, వెలుగుద్ది. బిళ్ళలున్న మేం పదిమందిమీ అంతే. మాలో నెల్లూరు ధనలక్ష్మి కనిపెట్టి అందరికీ చెప్పింది."

"అన్నీ వింటూ ఒక్కరోజు కూడా ఏడవలేదేం?"

"ఏడిస్తే అది పనిచెయ్యట్లేదని నీకు తెలిసిపోద్ది గదా" అంది రత్నం, ఇంత చిన్న సంగతి తెలీదా అన్నట్టు. "తిట్టేశాక నువ్వు హాయిగా ఉంటున్నావ్. పాటలు పాడుతున్నావ్. అన్నంలో నెయ్యి కూడా ఎక్కువ వేస్తున్నావ్."

ఆరు నెలలుగా ఆ ఇంట్లో తిట్లని మెత్తబరుస్తున్నది బిళ్ళ కాదు, పదేళ్ళ పిల్ల అని హన్వికకి అప్పుడు అర్థమైంది.

మోక్షజ్ఞకి ఫోను కలిపింది. ఆయనే ముందు మాట అందుకున్నాడు. "హన్వికా, శుభవార్తమ్మా! విద్యాసంఘం ఒప్పేసుకుంది. రెండు లక్షల ఇళ్ళకి పంపమన్నారు!"

హన్విక జరిగింది చెప్పింది.

"పదిమందీ అంటే... మావాడు కూడానా?" అన్నాడాయన.

"కూడానండీ."

"నేనేమేం అన్నానో గుర్తు తెచ్చుకుంటున్నానమ్మా" అని ఆయన ఫోను పెట్టేశాడు.

హన్విక కూతురి వైపు తిరిగింది. అడగకూడదనుకుంటూనే అడిగింది. "ఆమధ్య ఒక మంగళవారం నేనో మాట అన్నాను..."

"ఎనిమిదోవంతు పాఠం రోజు" అంది రత్నం. "ఆ రోజు నేను గళ్ళలంగా వేసుకున్నా."

హన్విక నోరు తెరిచింది. చెప్పాల్సింది ఒక్క మాట, నాది తప్పు అని. అది రాలేదు. ఆమెకి వచ్చిన మాటల్లో అది ఎప్పుడూ లేదు. వాళ్ళమ్మ నోట కూడా ఆమె దాన్ని వినలేదు.

రత్నం కాసేపు చూసింది. తరవాత బుజ్జి చెవిలోంచి బెల్లంబిళ్ళ తీసి, గౌనుకి తుడిచి, తన చెవి దగ్గర పెట్టుకుంది.

"చెప్పడం కష్టంగా ఉంటే ఇది పెట్టుకుంటాలే అమ్మా. అప్పుడు చెప్పు."

హన్విక లేచి, అయిదేళ్ళుగా ఆ పిల్ల వెనకే ఉన్న కుర్చీని లాక్కొచ్చి ముందు వేసుకుంది. బిళ్ళ చేతిలోంచి తీసేసుకుంది. "వద్దు నూకాలూ. ఉత్త చెవుల్తోనే విను" అంది.

రెండు వందల పన్నెండు తిట్లు నోటికొచ్చిన మనిషికి ఆ ఒక్క మాట చెప్పడానికి పావుగంట పట్టింది.